పక్క కంప్యూటర్లో పనిచేయని టూల్ ప్యాలెట్

ప్రశ్న: మా ఆఫీసులో ఐదు కంప్యూటర్లలో, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ ఉంది. తలుపులు, కిటికీల బ్లాకులతో (మళ్లీ మళ్లీ వాడుకునేలా గీసి దాచుకున్న డిజైన్లు) నేను చేసుకున్న టూల్ ప్యాలెట్‌ను (వాటిని డ్రాయింగ్‌లోకి తెచ్చుకునే పట్టీ) మిగతావారికి కాపీ చేసి ఇస్తే, అందులో బొమ్మలు కనిపిస్తున్నాయి గానీ బ్లాకు డ్రాయింగ్‌లోకి రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ప్యాలెట్‌లో ఉండేది బ్లాకు కాదు, అది ఏ ఫైలులో ఉందో చెప్పే చిరునామా మాత్రమే. ఆ చిరునామా మీ ‘సి’ డ్రైవుదైతే, అలాంటి ఫోల్డరే లేని పక్క కంప్యూటరుకు అది ఎందుకూ కొరగాదు. కాబట్టి ముందు బ్లాకుల ఫైళ్లను సర్వరులోకి మార్చి, ఒక్కొక్క టూల్ ప్రాపర్టీస్‌లో ‘సోర్స్ ఫైల్’ దగ్గర కొత్త చిరునామా ఇవ్వండి. ఇది విసుగు పుట్టించే పనే గానీ తప్పదు. డ్రైవు అక్షరం ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉండవచ్చు కనుక, సర్వరు పేరుతో మొదలయ్యే పూర్తి చిరునామా రాయడమే మేలు. తర్వాత ప్యాలెట్ ఫోల్డరును కూడా అక్కడే ఉంచి, అన్ని కంప్యూటర్లలోనూ ఆప్షన్స్‌లోని ఫైల్స్ ట్యాబ్‌లో ‘టూల్ ప్యాలెట్స్ ఫైల్ లొకేషన్స్’ కింద దాన్ని చూపించండి. మార్చే అధికారం ఒక్కరికే ఉంచి, ఆ ప్యాలెట్ ఫైళ్లను రీడ్ ఓన్లీగా (చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా) పెడితే, ప్యాలెట్ మూలన తాళం గుర్తు కనిపిస్తుంది. లిస్ప్ ప్రోగ్రాములు (ఆటోక్యాడ్‌లో పనులను తేలిక చేసే చిన్న ప్రోగ్రాములు) కూడా పంచుకునేటట్లయితే, వాటి ఫోల్డరును ‘ట్రస్టెడ్ లొకేషన్స్’లో చేర్చండి, లేకుంటే లోడ్ చేసేటప్పుడు భద్రతా హెచ్చరిక ఎదురవుతుంది.