రసీదు రాసే రోజే లెక్క తేలాలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ బడి పిల్లలకు సైన్స్ చెప్పే సొసైటీల నుంచే. జవాబుల్లోని పన్ను సెక్షన్లు, ఫారాలు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది, అందులో నంబర్లు మారాయి. ఆ తేదీ తర్వాతి లెక్కలకు కొత్త నంబర్లు మీ ఆడిటర్‌ను అడిగి రాసుకోండి.

ప్రశ్న: మేం పల్లె బడులకు ప్రయోగాల వ్యాను తిప్పుతున్నాం. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు కొత్త వ్యానుకు డబ్బు, ఒక టెలిస్కోపు ఇస్తామంటున్నారు. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. 'ఇక్కడున్న మా తమ్ముడి ఖాతాలో వేస్తాం, వాడు మీకిస్తాడు' అని ఒకరన్నారు. తీసుకోవచ్చా?
– ఒక సొసైటీ కార్యదర్శి, తెనాలి

జవాబు: దాత ఏ దేశంలో ఉన్నారని కాదు, చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టు ఉందని చూడండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు గ్రీన్‌కార్డు మీద ఉన్నా, పాతికేళ్ళుగా అక్కడే ఉంటున్నా భారత పౌరులే. తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మీ మామూలు ఖాతాలోనే తీసుకోవచ్చు. పాస్‌పోర్టు నకలు, 'ఇది నా సొంత డబ్బు' అని సంతకం చేసిన కాగితం, పాన్ నంబరు తీసుకుని రసీదుకు జతచేసి పెట్టుకోండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి సంగతి వేరు. ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా చట్టం దృష్టిలో వాళ్ళు విదేశీయులే. ఇక్కడికి వచ్చినప్పుడు రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. తమ్ముడి ఖాతా దారి అసలు తొక్కకండి. విదేశీ మూలం నుంచి వచ్చిన డబ్బు ఎన్ని చేతులు మారినా విదేశీ విరాళంగానే లెక్క అని చట్టం స్పష్టంగా చెబుతోంది. మంచి పనికే కదా అని చేసినా నేరం నేరమే, రేపు విచారణలో నిలబడాల్సింది మీ కార్యవర్గం. టెలిస్కోపుకూ ఇదే వర్తిస్తుంది. వస్తువులు కూడా విదేశీ విరాళం కిందికే వస్తాయి. లక్ష రూపాయల లోపు బహుమతికి ఉన్న మినహాయింపు ఒక మనిషి సొంత వాడకానికే గానీ సంస్థకు కాదు.

వాళ్ళ సాయం కావాలంటే సరైన దారి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనే. సంస్థకు మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అంత చరిత్ర లేకపోతే ఫలానా దాత నుంచి ఫలానా మొత్తానికి ముందస్తు అనుమతి అడగవచ్చు. ఏ దారిలో వచ్చినా డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. అందులో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. ఏటా డిసెంబరు 31లోపు ఎఫ్‌సీ-4 దాఖలు చేయాలి.

ప్రశ్న: ఒక విశ్రాంత అధ్యాపకుడు 10 లక్షలిచ్చి 'అసలు ముట్టకుండా వడ్డీతో ఏటా సైన్స్ మేళా జరపండి' అన్నారు. ఎఫ్‌డీ చేశాం. అది కార్పస్ (మూలనిధి) కాదు, ఆదాయమే అంటున్నారు ఆడిటర్.
– ఒక సొసైటీ కోశాధికారి, ఖమ్మం

జవాబు: ఆయన నోటిమాటగా చెప్పి ఉంటే ఆడిటర్ అన్నదే నిజం. కార్పస్ కావాలంటే 'ఈ మొత్తం మూలనిధికి' అని దాత స్పష్టంగా రాసివ్వాలి, ఆ డబ్బును చట్టం ఒప్పుకున్న చోట విడిగా ఉంచాలి. ఇప్పుడు పాత తేదీ వేయించి ఉత్తరం రాయించుకోకండి. అది దొంగ కాగితం అవుతుంది, దాతను కూడా చిక్కుల్లో పెడుతుంది.

ఉత్తరం లేకపోతే ఏమవుతుందో అంకెల్లో చూడండి. ఈ 10 లక్షలకు తోడు ఇతర విరాళాలు 12 లక్షలు, వడ్డీ 2 లక్షలు వచ్చాయనుకుందాం. మొత్తం 24 లక్షలు. పన్ను మినహాయింపు నిలవాలంటే అందులో 85 శాతం, అంటే 20.40 లక్షలు ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి. పుస్తకాల్లో ఖర్చు 17 లక్షలు ఉంది గానీ, మైక్రోస్కోపుల దుకాణానికి లక్షన్నర బిల్లు మార్చి 31 నాటికి చెల్లించలేదు. చేతి నుంచి వెళ్ళిన డబ్బే లెక్కకు వస్తుంది కాబట్టి ఖర్చు 15.50 లక్షలే. తరుగు 4.90 లక్షలు. చాలామంది కోశాధికారులు పొరపాటు పడేది ఈ బాకీ బిల్లుల దగ్గరే. మార్చి మూడో వారంలోనే బాకీల జాబితా తీసి చెల్లించేయండి. కొన్న మైక్రోస్కోపుల ధర పూర్తిగా ఖర్చు కిందికి వస్తుంది, మళ్ళీ వాటి మీద తరుగుదల (డిప్రిసియేషన్) చూపకూడదు.

మిగిలిన తరుగుకు ఫారం 10 ఉంది. ఫలానా పనికి ఐదేళ్ళలోపు వాడతామని కార్యవర్గం తీర్మానించి, రిటర్ను గడువుకు రెండు నెలల ముందే దాఖలు చేయాలి. తీర్మానంలో 'సైన్స్ విద్యాభివృద్ధికి' అని రాస్తే చాలదు. 'బడులకు 40 మైక్రోస్కోపులు, వాటిని ఉంచే అల్మారాలు' అన్నంత వివరంగా ఉండాలి. ఎప్పటికీ దాచుకోగలిగేది మిగతా 15 శాతమే, మీ లెక్కలో 3.60 లక్షలు. ఆయన మేళాకు మూలనిధి దానితో మొదలుపెట్టండి. ఇకపై ఇవ్వదలిస్తే డబ్బుతోపాటే ఉత్తరం కూడా అడగండి.

డబ్బు ఉంచే చోటూ ముఖ్యమే. బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లు సరే. చిట్టీలు, ప్రైవేటు ఫైనాన్సులు, సభ్యులకు చేబదుళ్ళు కుదరవు. వడ్డీ రెండు రూపాయలు ఎక్కువ వస్తుందని ఆశపడితే ఆ మేరకు పన్ను మినహాయింపే పోతుంది.

ప్రశ్న: బడులకు సైన్స్ కిట్లు అమ్ముతాం. మాది విద్యాసంస్థే కదా, ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉండవచ్చు. 2022 అక్టోబరు 19న న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు 'విద్య' అంటే క్రమబద్ధమైన బడి చదువు అనే అర్థం తీసుకుంది. ఆ అప్పీళ్ళు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు మీద వెళ్ళినవే. ఈ అర్థం పట్టుకుంటే కిట్లు, ప్రదర్శనలు, వేసవి శిబిరాలు నడిపే సంస్థను 'సాధారణ ప్రజోపయోగం' కోవలో చూసే వీలుంది. ఆ కోవలో వ్యాపారపు రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపు పోతుంది. 30 లక్షల రాబడి ఉంటే హద్దు 6 లక్షలు.

అదే రోజు అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో కోర్టు, అసలు ఖర్చుకో, దాని మీద నామమాత్రంగా కలిపిన ధరకో ఇచ్చేదాన్ని వ్యాపారంగా చూడనక్కర్లేదంది. కాబట్టి ప్రతి కిట్‌కూ ఖర్చుల చీటీ ఉండాలి: కటకం, అయస్కాంతాలు, రాగితీగ, డబ్బా, ప్యాకింగ్ కూలి, రవాణా విడివిడిగా. అమ్మకాల పుస్తకం వేరుగా రాయండి. కిట్ల నిల్వను ఏటా మార్చి 31న అమ్మకాలు చూడని సభ్యుడొకరు లెక్కపెట్టి సంతకం చేయాలి. చిన్న వస్తువులు పోయేది పాఠశాలల నుంచి తిరిగొచ్చేటప్పుడే. పంపిన చలానా మీదే తిరిగొచ్చిన సంఖ్య కూడా రాయించండి.

ప్రశ్న: అధ్యక్షుడి అల్లుడి దుకాణం నుంచే పరికరాలన్నీ కొంటున్నారు. ధర ఎక్కువేమీ కాదంటున్నారు. అడిగితే అవమానించినట్టవుతుందేమో.
– ఒక సభ్యుడు, నిజామాబాద్

జవాబు: అడగడం మీ బాధ్యత. సభ్యులు ఇలా అడగకపోవడం వల్లే మంచి సంస్థలు పాడైపోతున్నాయి. అల్లుడు, బావమరిది, తోడబుట్టినవాళ్ళు అందరూ సెక్షన్ 13 కింద బంధువులే. వాళ్ళ దగ్గర కొనడం నేరం కాదు, బజారు ధరకు మించి ఇవ్వడం తప్పు. అలా ఇచ్చినట్టు తేలితే మొదటిసారి అంత మొత్తం, మళ్ళీ జరిగితే రెట్టింపు జరిమానా సంస్థ మీద పడుతుంది.

పద్ధతి ఇలా పెట్టించండి. 25 వేలు దాటిన ప్రతి కొనుగోలుకు మూడు కొటేషన్లు తీసుకోవాలి. (ఈ అంకె మా సలహా, చట్టంలోది కాదు.) ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు అధ్యక్షుడు తన బంధుత్వం చెప్పి గది బయటికి వెళ్ళాలి, ఆ మాట మినిట్స్‌లో రాయాలి. సరుకు అందుకున్నవారు, బిల్లు పాస్ చేసినవారు, చెక్కు మీద సంతకం పెట్టినవారు వేర్వేరు మనుషులై ఉండాలి. ఒక్కరికే రోజుకు 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు 85 శాతం లెక్కలోకి రాదు. వ్యాను డీజిల్ దగ్గర ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది, బంకుకు ఆన్‌లైన్‌లో కట్టండి. కార్యవర్గం మారాక కొత్త జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయడం మరవకండి. లేకపోతే బ్యాంకు సంతకాలు మార్చదు, దిగిపోయినవారి చేతిలోనే ఖాతా ఉండిపోతుంది.

ప్రశ్న: దాతలు 80జీ (విరాళానికి పన్ను మినహాయింపు) సర్టిఫికెట్ అడుగుతున్నారు. మా రసీదు చాలదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చాలదు. మే 31లోపు ఫారం 10బీడీలో దాతల వివరాలు దాఖలు చేసి, అక్కడి నుంచి వచ్చే 10బీఈ సర్టిఫికెట్ వాళ్ళకు ఇవ్వాలి. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము. పాన్ నంబరులో ఒక అక్షరం తప్పితే దాతకు మినహాయింపు రాదు. రెండు వేలు మించిన నగదుకూ, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికీ 80జీ వర్తించదని డబ్బు తీసుకునేటప్పుడే చెప్పండి.