1.5 కాస్తా 1.1 ఎందుకైంది?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. రిటైనింగ్ వాల్ (వెనకున్న మట్టిని ఆపే గోడ) పునాది జారకుండా మామూలు లోడ్లకు సేఫ్టీ ఫ్యాక్టర్ (జారకుండా ఆపే బలం, నెట్టే బలానికి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క) 1.5 ఉండాలట, భూకంపం లోడ్లు కలిపితే 1.1 చాలట. ప్రమాదం పెరిగినప్పుడు భద్రత తగ్గించడమేమిటి? ఇలాంటి విషయాలంటే ఇష్టం. పీజీలో స్ట్రక్చరల్ తీసుకోవాలా, జియోటెక్నికల్ తీసుకోవాలా?

జవాబు: మీ మొదటి సందేహం తీరితే రెండోది సగం తీరినట్టే. గోడ వెనక మట్టి రోజూ, ఏళ్ల తరబడి నెడుతూనే ఉంటుంది. భూకంపం గోడ ఆయుష్షులో ఒకసారి రావచ్చు, అసలు రాకపోవచ్చు. వచ్చినా ఆ తోపుడు గరిష్ఠంగా ఉండేది క్షణకాలమే, వెంటనే దిశ మారిపోతుంది. అమెరికా బిల్డింగ్ కోడ్ భూకంపం లోడ్లకు 1.1తో సరిపెట్టుకోవడంలో తర్కం ఇదే. ఫ్యాక్టర్ ఒక్క క్షణం 1 కంటే తగ్గినంత మాత్రాన గోడ పడిపోవాలనేమీ లేదు, కాస్త జరిగి ఆగిపోవచ్చు. ఎంత జరుగుతుందో లెక్కగట్టే దారిని అమెరికా ఇంజినీర్ న్యూమార్క్ 1965లో చూపించారు.

అలాగని 1.1 రాగానే ఫైల్ మూసేయకండి. పునాది మీద బరువు 1000 కిలోన్యూటన్లు, ఘర్షణ గుణకం 0.5, అడ్డంగా నెట్టే బలం 400 కిలోన్యూటన్లు అనుకుందాం. ఘర్షణ ఆపగలిగేది 500, అంటే ఫ్యాక్టర్ 1.25. నేల కదలిక వల్ల అదే క్షణంలో బరువు పదో వంతు తగ్గితే 1.125. ఘర్షణ 0.5 కాదు, 0.45 అని తేలితే 1.01! ఇంతకీ ఆ 0.5 ఎవరిచ్చారు? గోడకు ముందున్న మట్టి ఆసరాను కూడా లెక్కలో కలిపారా? కలిపితే, రేపెవరైనా పైపు కోసం అక్కడ తవ్వితే? (నన్నడిగితే, అది కలపకుండానే లెక్క నిలబడాలి.) నీటితో నిండిన వదులు ఇసుకైతే మరీ కష్టం, కుదుపుకు పట్టే వదిలేస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో భవనాలు పక్కకు ఒరిగింది అందుకే.

సాధారణంగా స్ట్రక్చరల్ ఇంజినీర్ ఆ 0.5ని మట్టి రిపోర్టులోంచి తీసుకుంటాడు. జియోటెక్నికల్ ఇంజినీర్ ఆ రిపోర్టే రాస్తాడు. మొదటి పనిలో కంప్యూటర్ ముందు కూర్చునేది ఎక్కువ, రెండోదాంట్లో సైట్లు, బోర్‌హోల్స్, ల్యాబ్. ఏది తీసుకున్నా డైనమిక్స్ (భూకంపంలా క్షణక్షణం మారే బలాల లెక్కలు) మాత్రం వదలొద్దు.

ఇప్పుడే తేల్చుకుని టెన్షన్ పడక్కర్లేదు. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఒకే గోడను తీసుకోండి. ఫ్యాక్టర్ లెక్క ఒకటి, న్యూమార్క్ పద్ధతిలో జరుగుబాటు లెక్క ఒకటి, రెండూ సాఫ్ట్‌వేర్ లేకుండా చేతితో చేయండి. మట్టి విలువలు ల్యాబ్‌లో మీరే తీయండి. స్టీలు డిటెయిలింగ్ (కాంక్రీటులో ఊచలు ఎక్కడ, ఎలా పెట్టాలో గీయడం) దగ్గర ఉత్సాహం వస్తే స్ట్రక్చరల్, ల్యాబ్‌లోంచి బయటికి రాబుద్ధి కాకపోతే జియోటెక్నికల్.