జడ్జి ఎన్నికకు ఐదు డాలర్ల చందా ఇవ్వొచ్చా?

ప్రశ్న: హెచ్-1బీ మీద వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్ వచ్చి ఆర్నెల్లయింది. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిగా పోటీ చేస్తున్నాయన కోసం ఐదు డాలర్లు ఇమ్మని ఆఫీసులో ఒకరు అడిగారు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దండీ, ఒక్క డాలరు కూడా. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల వాళ్లు ఊరి కౌన్సిల్ మొదలు ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. మీ డబ్బు స్నేహితుడి పేరు మీద ఇప్పించినా తప్పే. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ నిషేధం లేదు.

అయితే అంత చిన్న మొత్తం అడగడానికి ఒక కారణం ఉండొచ్చు. రాష్ట్ర సుప్రీంకోర్టు అభ్యర్థి ప్రభుత్వ నిధితో, అంటే ప్రచారానికి రాష్ట్రమే ఇచ్చే డబ్బుతో, పోటీ చేయాలనుకుంటే ముందు కనీసం 500 మంది దగ్గర, మనిషికి 1 నుంచి 100 డాలర్ల చొప్పున, మొత్తం 35,000 డాలర్లు పోగు చేయాలి. ఇచ్చేవాళ్లు ఆ రాష్ట్రంలో నమోదైన ఓటర్లే కావాలి. అంటే గ్రీన్‌కార్డు వాళ్ల డబ్బు కూడా ఈ లెక్కలోకి రాదు. అర్హత దక్కితే, పోటీ ఉన్న ఎన్నికలో 5,25,000 డాలర్ల వరకు వస్తాయి.

ఈ ఏర్పాటు వెనక పెద్ద కథే ఉంది. మాసీ అనే బొగ్గు కంపెనీ మీద 5 కోట్ల డాలర్ల తీర్పు పడింది. ఆ అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరేలోపే, 2004లో ఆ కోర్టు జడ్జి ఎన్నికలో కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ 30 లక్షల డాలర్లు కుమ్మరించి బ్రెంట్ బెంజమిన్ అనే అభ్యర్థి గెలుపుకు తోడ్పడ్డాడు. ఆ కేసు నుంచి బెంజమిన్ తప్పుకోలేదు. తీర్పు 3-2తో కంపెనీ వైపు వచ్చింది. ఆయన తప్పుకోవాల్సిందేనని 2009లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. ప్రభుత్వ నిధి 2012లో ప్రయోగంగా మొదలై, మరుసటి ఏడాది శాశ్వతమైంది. 2016 నుంచి బ్యాలెట్‌లో జడ్జిల పేర్ల పక్కన పార్టీ ఉండదు. మన సర్పంచ్ ఎన్నికల్లాగే అన్నమాట: పార్టీ గుర్తులుండవు గానీ ఎవరు ఎటో ఊరందరికీ తెలుసు.

లోపం ఒకటుంది. బయటి సంఘాల ఖర్చుకు ఈ నిధి అడ్డుకట్ట వేయలేదు. ప్రత్యర్థి వైపు డబ్బు పెరిగినకొద్దీ అభ్యర్థికి అదనంగా ఇచ్చే పద్ధతిని కోర్టులు కొట్టేశాయి. మొదట ఇచ్చిన దానితోనే నెట్టుకురావాలి. 2016లో అదే బెంజమిన్ ప్రభుత్వ నిధితో నిలబడి ఓడిపోయారు.

జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచడం, ఫోన్లు చేయడం మీరు చేయొచ్చు. అసలు ప్రమాదం డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు, డీఎంవీ, కౌంటర్ దగ్గర. లైసెన్సు పనిలో ఓటరు నమోదు కాగితం కూడా ముందు పెడతారు. పౌరులా అన్న గడిలో పొరపాటున టిక్కు పెడితే, పదేళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అన్న ప్రశ్న దగ్గర ఇరుక్కుంటారు. సంతకానికి ముందు ఆ గడి రెండుసార్లు చూసుకోండి.