స్పై సినిమాల్లో కేమియోలు ఎక్కువయ్యాయా? ‘వార్ 2’కి ఎన్టీఆర్ సరైన ఎంపికేనా?

అడిగినవి రెండు ప్రశ్నలు. యష్‌రాజ్ సంస్థ స్పై సినిమాల్లో ఒక హీరో సినిమాలోకి ఇంకో హీరో కాసేపు వచ్చి వెళ్లడం, అంటే కేమియో, అతి అయిపోయిందా అన్నది మొదటిది. ‘వార్ 2’లో ఎన్టీఆర్‌ను తీసుకుని తప్పు చేశారా అన్నది రెండోది. నేను చెన్నైలో ఉంటాను. తెలుగు, తమిళం, హిందీ మూడూ థియేటర్లోనే చూసే అలవాటు. ఇక్కడ ఆఫీసులోనూ ఇంటి దగ్గరా ఈ గొడవ తరచూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. కథలోని మలుపులు కూడా చెప్పేస్తాను. ఈ సినిమాలు ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

గూఢచారి అంటే ఎవరూ గుర్తుపట్టకూడని మనిషి. సినిమా హీరో అంటే అందరూ గుర్తుపట్టే మనిషి. ఈ రెండింటినీ ఒకే ఒంట్లో పెట్టడమే స్పై సినిమా తీసేవాళ్లకు అసలు కష్టం. అందుకే ఇలాంటి సినిమాలో ఎవరి ముఖం ఎంచుకున్నారన్నదే సగం కథ అని నా నమ్మకం. తెర మీదికి వచ్చిన ముఖం మనం అనుకున్నదాన్ని తలకిందులు చేస్తే అది గుర్తుండిపోతుంది. మనకు తెలిసిందే మళ్లీ చూపిస్తే ఆ అరుపులూ ఈలలూ థియేటర్లోనే ఆగిపోతాయి.

నాకు ఇది అర్థమైంది 2022లో కమల్ హాసన్ ‘విక్రమ్’ చూసినప్పుడు. మేముండేది సాలిగ్రామంలో. వడపళనిని ఆనుకుని ఉంటుంది. సినిమా పనివాళ్లు చాలామంది ఉండే పేట. మా పక్కింటి అక్క ఒకప్పుడు గ్రూప్ డాన్సర్. తెలుగు పాటలూ తమిళ పాటలూ ఎన్నింటిలో వెనక వరసలో ఆడిందో ఆవిడకే లెక్క తెలియదు. ఇద్దరం కలిసే వెళ్లాం. ఆ సినిమాలో ఒక ఇంట్లో పనిమనిషి ఉంటుంది. వంటింట్లో తిరుగుతూ, తల వంచుకుని, ఎవరి కంటా పడకుండా పనిచేసుకుపోతుంది. ఇంటి మీదికి రౌడీలు వచ్చినప్పుడు ఆ మనిషి ఒక్కసారిగా ఏజెంట్ టీనాగా మారి వాళ్లను చితక్కొడుతుంది. హాలంతా ఉలిక్కిపడింది. మా అక్క మాత్రం మొదటి సీన్లోనే నా చెయ్యి గిల్లి, ‘ఈవిడ మా డాన్స్ మనిషేనమ్మా, ఊరికే పనిమనిషి వేషానికి పిలిచి ఉండరు, చూస్తూ ఉండు’ అంది. నాకది ఒక్క ముక్క ఎక్కలేదు. హాల్లో ఆ ముఖం తెలిసింది బహుశా అక్క ఒక్కదానికే.

ఆ పాత్ర వేసిన వాసంతి ఎన్నో ఏళ్లు డాన్స్ మాస్టర్ల దగ్గర పనిచేసిన మనిషి. తెర మీద మనకు కనిపించినా మనం ఎప్పుడూ చూడని మనిషి. గూఢచారి పాత్రకు ఇంతకంటే సరైన ఎంపిక ఏముంటుంది చెప్పండి? అదే పాత్రకు పేరున్న నటిని పెట్టి ఉంటే, ఈవిడ ఉత్త పనిమనిషి అయ్యుండదని మొదటి షాట్‌లోనే అందరం కనిపెట్టేసేవాళ్లం. పైగా డాన్సర్ కాబట్టి ఆ ఫైట్‌లో ఒంటి కదలికకు ఒక నిజం ఉంది. ఇంటికొచ్చేదాకా మా అక్క ముఖంలో వెలుగు తగ్గలేదు.

ఇక అదే సినిమాలో సూర్య వేసిన రోలెక్స్. ఉండేది చివర్లో కాసేపే. అయినా ఆ కాసేపటితో సినిమా దిశ మారిపోతుంది. అప్పటిదాకా మనం పెద్ద విలన్ అనుకున్న సంతానం (విజయ్ సేతుపతి వేసిన పాత్ర) ఒట్టి కింది మనిషేనని తేలుతుంది. అదే దర్శకుడి ‘ఖైదీ’లోని ముఠా నాయకుడు అడైక్కలం మనుషులు అక్కడికి వచ్చి మాట్లాడతారు కాబట్టి 2019 నాటి కథ కూడా ఇందులో కలిసిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మంచివాడి పాత్రలకు అలవాటుపడిన సూర్య ముఖంలో జాలి అన్నది లేకుండా చూపించారు. ఆ గుంపులోనే మారువేషంలో కమల్ హాసన్ నిలబడి ఉంటాడు. తమిళనాట పసిపిల్లలు కూడా గుర్తుపట్టే ముఖం ఒక గుంపులో దాక్కుని ఉండటం, దాన్ని కెమెరా చివరిదాకా మనకు చూపించకపోవడం నిజమైన గూఢచారి సినిమా పని. కేమియో ఎలా ఉండాలి అని ఎవరడిగినా నేను ఈ సీనే చెప్తాను.

ఇప్పుడు యష్‌రాజ్ సినిమాల దగ్గరికి వద్దాం. 2012లో ‘ఏక్ థా టైగర్’, 2017లో ‘టైగర్ జిందా హై’, 2019లో ‘వార్’ వచ్చినప్పుడు ఇవి దేనికది విడి కథలు. ‘వార్’ను చాలామంది ఉత్త ఫైట్ల సినిమా అని తీసిపారేస్తారు కానీ, ముఖమే కథ అన్న మాటకు అందులో గట్టి ఉదాహరణ ఉంది. టైగర్ ష్రాఫ్ వేసిన ఖాలిద్ అనుకుని మనం ప్రేమిస్తూ వచ్చిన మనిషి, సర్జరీతో ఖాలిద్ ముఖం తెచ్చుకున్న ద్రోహి అని చివర్లో తెలుస్తుంది. హీరో ముఖం మీద మనకుండే నమ్మకాన్నే వాడుకుని మనల్ని మోసం చేశారు. నాకు ఆ మలుపు చాలా నచ్చింది.

అన్నిటినీ కలిపింది 2023 జనవరిలో వచ్చిన ‘పఠాన్’. కదిలే రైల్లో షారుఖ్‌ను కాపాడటానికి ‘టైగర్’ సినిమాల హీరో సల్మాన్ రావడం పండగ వాతావరణమే, కాదనను. కానీ నాకు నిలిచింది ఆ రైలు ఫైట్ కాదు. సినిమా చివరి టైటిల్స్ దగ్గర ఇద్దరూ రైలు వంతెన మీద కూర్చుని, ఇక మానేద్దామా, మన తర్వాత ఎవరు, పిల్లలకు అప్పగించగలమా అని మాట్లాడుకునే సీన్ ఉంది చూశారా, అది. యాభై దాటిన ఇద్దరు హీరోలు పాత్రల మాటున తమ మాటే చెప్పుకున్నట్టుంటుంది. పాత్ర, నటుడు, చూసే మనం ముగ్గురం ఒకే చోట కలిసిన అరుదైన కేమియో అది.

అదే ఏడాది నవంబరులో దీపావళికి ‘టైగర్ 3’ వచ్చింది. ఈసారి పాకిస్తాన్ జైలు నుంచి సల్మాన్‌ను విడిపించడానికి షారుఖ్ వచ్చాడు. సీన్ పెద్దది, ఖర్చు పెద్దది, కానీ కొత్తగా తెలిసిందేమీ లేదు. పెళ్లిలో చదివించిన డబ్బు తిరుగు చదివింపులో వచ్చినట్టు, అక్కడ ఇచ్చింది ఇక్కడ పుచ్చుకున్నారు. ఆ సీన్ తీసేసి వేరే ఎవరో జైలు గోడ బద్దలుకొట్టినా కథకు లోటు ఉండదు. నేను ప్రతి కేమియోకి పెట్టే పరీక్ష ఇదే. ఆ మనిషిని తీసేస్తే కథలో ఏదైనా కూలుతుందా? రోలెక్స్‌ను తీసేస్తే కూలుతుంది. వంతెన సీన్ తీసేస్తే ‘పఠాన్’లో ఉన్న మనసు పోతుంది.

‘టైగర్ 3’ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడని ఎంపిక ఒకటుంది. మొదటి రెండు భాగాల్లో టైగర్ పై అధికారి షెనాయ్‌గా గిరీష్ కర్నాడ్ వేశారు. ఆయన 2019లో పోయారు. మూడో భాగంలో ఆ కుర్చీలో రేవతి కూర్చుంది. మనకు 1989లో వెంకటేష్ పక్కన ‘ప్రేమ’లో చేసిన రేవతే. ఆ సినిమానే 1991లో హిందీలో ‘లవ్’గా తీస్తే అందులో హీరో సల్మాన్, హీరోయిన్ మళ్లీ రేవతి. అప్పటి హీరో ఇంకా దూకుతూ ఫైట్లు చేస్తుంటే, అప్పటి హీరోయిన్ అతని బాస్. ఈ ఎంపిక మీద నాకు కోపం లేదు, రేవతి ఆ కుర్చీకి బరువు తెచ్చింది. కోపమల్లా ఆవిడకు ఇచ్చిన సీన్లు అంత తక్కువగా ఉండటం మీదే. ‘పఠాన్’లో డింపుల్ కపాడియాకు ఇచ్చినట్టు ఒక త్యాగం, ఒక నిర్ణయం ఇచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు ఎన్టీఆర్ విషయం. 2025 ఆగస్టు 14న ‘వార్ 2’, రజనీకాంత్ ‘కూలీ’ ఒకేరోజు వచ్చాయి. చెన్నైలో ఆ రోజు సంగతి చెప్పక్కర్లేదు, ఎక్కడ చూసినా ‘కూలీ’యే. మా ఆఫీసులో గుంటూరు నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉన్నాడు, ఎన్టీఆర్ అంటే ప్రాణం. తెలుగు డబ్బింగ్ షో కోసం ఊరంతా వెతికి, చివరికి వేళ కుదరక హిందీ షోకే నన్నూ లాక్కెళ్లాడు. సినిమా అయ్యాక బయట టీ కొట్టు దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. ‘అక్కా, అన్నని వాళ్లు వాడుకోలేదు, అంతే’ అన్నది వాడి మాట. ‘అసలు ఆ పాత్ర అతనికి నప్పలేదు’ అన్నది మాతో వచ్చిన తమిళ స్నేహితురాలి మాట.

నేను తమ్ముడి పక్షం. కానీ నా కారణం వేరు. ‘ఆర్ఆర్ఆర్’లో ఎన్టీఆర్ ఏం చేశాడో గుర్తు చేసుకోండి. ఢిల్లీలో అఖ్తర్ అన్న పేరుతో మెకానిక్‌గా బతుకుతూ, లోపల భీముడిగా ఒక పాప కోసం వెతుకుతూ ఉంటాడు. అమాయకంగా నవ్వుతున్నప్పుడు కూడా కళ్లలో ఇంకో పని నడుస్తూ ఉంటుంది. అది మారువేషపు మనిషి నటన. అంటే గూఢచారి నటన. ఆ సినిమాను హిందీవాళ్లూ చూశారు. కాబట్టి ఎన్టీఆర్‌ను తీసుకోవడం చాలా మంచి ఆలోచన. తీసుకున్నాక అతని చేత దాపరికం చేయించకపోవడమే లోపం. కథలో హృతిక్ పాత్రతో చిన్ననాటి స్నేహం, ద్రోహం రెండూ ఉన్నాయి. అతనే ఆ చిన్ననాటి స్నేహితుడు రఘు అన్న రహస్యం కూడా ఉంది. ఆ రహస్యం అతని ముఖంలో మెల్లగా పెరగాలి. దాని బదులు హృతిక్‌కి ఒక ఎంట్రీ, ఇతనికి ఒక ఎంట్రీ, ఇద్దరికీ కలిపి ఒక డాన్స్, దెబ్బకు దెబ్బ అని ఇద్దరినీ సమానంగా తూచుతూ పోయారు. ఎవరి అభిమానులూ నొచ్చుకోకూడదన్న జాగ్రత్తతో రాసిన సీన్లో పాత్రకు ఊపిరాడదు. స్క్రీన్ టైమ్ లెక్కపెట్టే మన అలవాటుకు కూడా ఇందులో వాటా ఉందని నేను తమ్ముడితో గట్టిగానే అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

అదే వారం చూసిన ‘కూలీ’లో ఆమిర్ ఖాన్ కేమియో ఉంది. స్పై సినిమా కాదు కానీ దర్శకుడు ‘విక్రమ్’ తీసిన లోకేష్ కనగరాజే. చివర్లో పెద్ద హీరో దిగడం అన్న పద్ధతి అదే. నాకైతే రోలెక్స్ దెబ్బలో పదో వంతు కూడా తగల్లేదు. చివర్లో ఎవరో వస్తారని మనం ముందే ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఒకసారి పనిచేసిన రహస్యం రెండోసారికి రహస్యం కాదు.

పాత సంగతులు చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. మనకు తెలుగులో మొదటి పేరున్న జేమ్స్‌బాండ్ తరహా సినిమా 1966 నాటి ‘గూఢచారి 116’. అప్పట్లో మన సినిమాకు మద్రాసే ఇల్లు. హీరో కృష్ణ అప్పటికి కొత్తవాడు, అంతకు ముందు ఏడాదే ‘తేనె మనసులు’తో వచ్చాడు. అందులో స్కూటర్ మీద కారును వెంబడించిన సీన్ చూసే నిర్మాత డూండీ అతన్ని ఈ పాత్రకు తీసుకున్నారు. హీరోయిన్ జయలలిత. సీనియర్ ఎన్టీఆర్, ఏఎన్నార్ వెలిగిపోతున్న రోజుల్లో కొత్త ముఖానికి గూఢచారి వేషం ఇచ్చారంటే వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. 1962లో ‘డాక్టర్ నో’ నాటికి షాన్ కానరీ కూడా పెద్ద పేరున్నవాడు కాదు. 2005లో డేనియల్ క్రెయిగ్‌ను బాండ్‌గా ప్రకటించినప్పుడు, జుట్టు బంగారు రంగులో ఉందని అభిమానులు బహిష్కరిస్తామన్నారు. మరుసటి ఏడాది ‘కాసినో రాయల్’ చూశాక చాలామంది నోళ్లు మూతపడ్డాయి.

తెలిసిన ముఖాన్ని పెట్టి మెప్పించిన సందర్భాలూ ఉన్నాయి. మన చెన్నై టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ 1983లో ‘ఆక్టోపసీ’లో బాండ్‌కి సాయం చేసే మనిషిగా నటించారు. పేరు కూడా విజయే. ఉదయపూర్ ఆటో ఛేజ్‌లో టెన్నిస్ రాకెట్‌తో దుండగులను కొడుతుంటే, దారిన పోయేవాళ్ల తలలు మ్యాచ్ చూస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతాయి. సరదాగా మొదలైన ఆ పాత్రను మధ్యలో చంపేస్తారు, అప్పుడు మనకు నిజంగా బాధేస్తుంది. వచ్చి నవ్వించి వెళ్లిపోయి ఉంటే ఇంతకాలం గుర్తుండేవాడు కాదు.

తెలుగులో నాకు ఇష్టమైనది 2018 నాటి ‘గూఢచారి’. అడివి శేష్ అప్పటికి మాస్ హీరో కాదు, అందుకే ఏజెంట్‌గా నమ్మాం. చాలా ఏళ్లుగా తెరకు దూరంగా ఉన్న సుప్రియను తెచ్చి నదియా ఖురేషీ పాత్ర ఇచ్చారు. ఆవిడ మంచిదో చెడ్డదో చివరిదాకా తేల్చుకోలేకపోయాను. జగపతిబాబును ఎక్కడ దాచి ఎప్పుడు బయటపెట్టారో చూస్తే, పాత్రల ఎంపికా స్క్రీన్‌ప్లే ఒకే బల్ల మీద జరిగాయని తెలుస్తుంది.

దానికి కొనసాగింపుగా తీస్తున్న ‘జీ2’లో ఇమ్రాన్ హష్మీ ఉన్నాడు. ‘టైగర్ 3’లో విలన్‌గా వేసిన మనిషి. అతన్ని మళ్లీ సూటిగా విలన్‌గా చూపిస్తే నాకు నిరాశే. అతను హీరో వైపు మనిషై, మనమే అతన్ని అనుమానిస్తూ కూర్చుంటే బాగుంటుంది. ఇక యష్‌రాజ్ వాళ్లు ఎన్టీఆర్‌ను మళ్లీ పిలిస్తే, ఎవరి సినిమాలోనో రైలెక్కి దిగే ఐదు నిమిషాల పాత్ర వద్దు. అఖ్తర్ లాంటి దొంగ బతుకును రెండు గంటలపాటు బతకనిచ్చే సొంత కథ ఇవ్వాలి. అంతవరకు ఆ సిరీస్‌లో కొత్త కేమియోలు ఆపేసినా నాకు అభ్యంతరం లేదు.