వాద్య సందేహాలు: మెరుపు చూసి డ్రమ్ సెట్ కొనొద్దు

ప్రశ్న: చెన్నైలో ఒకరు 1960ల నాటి ప్రీమియర్ (బ్రిటిష్ కంపెనీ) డ్రమ్ సెట్ అమ్ముతున్నారు. అంతా రిస్టోర్ చేశామంటున్నారు. ఫొటోల్లో తళతళలాడుతోంది. వెళ్లినప్పుడు ఏమేం చూడాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: క్రోమ్‌కు మెరుపు తేవడం ఒక పూట పని. షెల్లు (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) గుండ్రం తప్పితే మాత్రం దారికి తేవడం చాలా కష్టం. కాబట్టి డ్రమ్ కీ (రాడ్లు తిప్పే తాళం), టేపు, టార్చి వెంట తీసుకెళ్లండి. హెడ్లు (డ్రమ్ముకు పైనా కిందా బిగించే పొరలు) విప్పనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయండి.

ఒక టామ్‌కు (సెట్‌లోని చిన్న డ్రమ్ముకు) రెండు హెడ్లూ తీయించి, షెల్లు వ్యాసాన్ని నాలుగు దిక్కుల్లో కొలవండి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే షెల్లు కోలగా మారినట్టే. హెడ్ ఒకచోట పట్టేసి, ఇంకోచోట వదులై, శ్రుతి నిలవదు. తర్వాత షెల్లును గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి, లోపల టార్చి పెట్టి, పైన గుడ్డ కప్పి, గదిలో లైటు ఆర్పండి. (ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు గ్రానైట్ ఎంత సమంగా ఉంటుందో చెప్పాలా!) అంచు కింద వెలుగు ఎక్కడ చిమ్మితే అక్కడ పల్లం ఉంది. సన్నటి గీతైతే ఫరవాలేదు. విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే అంచు మళ్లీ తీయించక (కోసి సమం చేయించక) తప్పదు.

‘అంచు తీయించేశాం’ అంటే ఏ ఆకారంలో అని అడగండి. పాత షెల్లుల అంచు చాలావాటికి గుండ్రంగా ఉండి, హెడ్‌కు ఎక్కువ మేర ఆనుతుంది. నాదం మెత్తగా వచ్చి త్వరగా ఆగేది అందుకే. దాన్ని 45 డిగ్రీల పదునుకు కోస్తే మోత సాగుతుంది కానీ, మీరు డబ్బు పెడుతున్న ఆ పాత గొంతు పోతుంది. మా లెక్కలో అది రిస్టోరేషన్ కాదు.

షెల్లు లోపలి వైపు టార్చి వేసి రంధ్రాలు లెక్కపెట్టండి. పూడ్చిన రంధ్రాలకు బయట కొత్త రేకు (షెల్లుకు చుట్టే రంగు ప్లాస్టిక్ పొర) అతికించి కప్పేయొచ్చు, లోపల మాత్రం మచ్చ కనిపిస్తుంది. అంచు దగ్గరి రింగు జిగురు వదిలిందేమో వేలితో నొక్కి చూడండి. ఇక తెల్ల ముత్యం రంగు రేకు ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది, లగ్గుల (రాడ్లు బిగిసే లోహపు దిమ్మెల) కింద దాగిన భాగం మాత్రం తెల్లగానే ఉంటుంది. ఒక లగ్గు విప్పి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. తేడా లేకపోతే రేకు కొత్తదని అనుమానించాలి, ఆ మేరకు ధర తగ్గించమనాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది కొలతల దగ్గర. 1960ల చివరి దాకా వచ్చిన కొన్ని ప్రీమియర్ డ్రమ్ములు ఇప్పటి కొలతకన్నా కాస్త పెద్దవి. మామూలు హెడ్ వాటికి దిగదు, ‘ప్రీ ఇంటర్నేషనల్’ కొలతలో తెప్పించుకోవాలి. ఒక కొత్త హెడ్ వెంట తీసుకెళ్లి షెల్లు మీద పెట్టి చూడండి. బలవంతం చేయకుండా దిగి, చేత్తో తిప్పితే తిరగాలి. బిగింపు రాడ్లు కూడా ఒక్కొక్కటీ వేళ్లతోనే సగానికి పైగా ఎక్కాలి. మధ్యలో పట్టేస్తే మర దెబ్బతిందేమో అనుమానించాలి.

ప్రశ్న: కొన్న పాత కిట్‌లో టామ్ వాయిస్తే ‘గీ’మని వేరే మోత వస్తోంది. హెడ్ మార్చినా పోలేదు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఆ మోత చాలావరకు లగ్గుల లోపలి స్ప్రింగులది. లగ్గు విప్పి, స్ప్రింగు చుట్టూ కాస్త దూది చుట్టి మళ్లీ బిగించండి. ఎక్కువ కుక్కితే లోపలి నట్టు కదలదు. తర్వాత రాడ్లన్నీ వేళ్లతో బిగించి, ఎదురెదురు రాడ్లకు అర చుట్టు చొప్పున కీ తిప్పండి. ప్రతి రాడ్‌కు ఒక అంగుళం లోపల తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా సరిచేయండి. కింది హెడ్ పైదానికన్నా కొంచెం బిగువుగా ఉంచితే మంచిది. పైకి సింగిల్ ప్లై కోటెడ్ (ఒకే పొర, పైపూత ఉన్న) 10 మిల్ మందం హెడ్ ఈ షెల్లులకు బాగా నప్పుతుంది.

ప్రశ్న: మా చర్చిలో పాత డ్రమ్ సెట్ ఉంది. రేకును థిన్నర్‌తో తుడవచ్చా?
– పుత్తూరు

జవాబు: వద్దే వద్దు. పాత రేకు సెల్యులాయిడ్ అయితే థిన్నర్‌కు కరిగిపోతుంది. నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. సెల్యులాయిడ్‌కు నిప్పు చాలా త్వరగా అంటుకుంటుంది, అందుకని కొవ్వొత్తులకు దూరంగా పెట్టండి. ఎండ పడే కిటికీ పక్కనా వద్దు. నవంబరు, డిసెంబరు వానల్లో గోడకు ఆనించకుండా, నేల మీద చెక్క పలక వేసి దాని మీద ఉంచండి.