ఈ-ఆధార్‌పై పసుపు ప్రశ్నార్థకం ఉంటే ఆ సంతకం చెల్లదా?

చెల్లదని కాదు, ఆ గుర్తు దగ్గర కనిపించే ‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అంటే సంతకం దొంగదని కాదు, దాన్ని మీ కంప్యూటర్ ఇంకా సరిచూడలేదని. అమీర్‌పేటలో జిరాక్స్ షాపు ముందు ఆ పసుపు గుర్తు చూసి టెన్షన్ పడక్కర్లేదు.

మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది 2000 నాటి ఐటీ చట్టం. సంతకం ఎవరిదో తెలిపే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు లైసెన్సు ఇచ్చేది కేంద్రం నియమించిన కంట్రోలర్, అంటే సీసీఏ. పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం నమ్మదగిన సంస్థల జాబితా వేరే ఉంటుంది. అందులో ‘సీసీఏ ఇండియా’ లేకపోతే ప్రశ్నార్థకం వేస్తుంది. అడోబ్ రీడర్‌లో ఆ గుర్తు నొక్కి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సర్టిఫికెట్ ఎవరిదో చూసుకున్నాకే ట్రస్ట్ జాబితాలో చేర్చండి. చూడకుండా చేర్చడం ప్రమాదం.

సంతకంలో ఆ ఫైలు మొత్తం వేలిముద్ర లాంటి సంఖ్యగా మారి, రహస్య తాళంతో ముడిపడి ఉంటుంది. ఎవరైనా పుట్టిన తేదీలో 1998ని 1999గా దిద్దితే ఆ సంఖ్య మారిపోయి, సరిచూసినప్పుడు ఎర్ర గుర్తు పడుతుంది. భయపడాల్సింది దానికి.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది: సంతకం సరైనదని తేలాక కనిపించే పచ్చ టిక్‌తో ప్రింట్ తీస్తే ఆ కాగితమే రుజువు అనుకుంటారు. కాగితం మీద అది సిరా మాత్రమే. డిజిటల్ సంతకాన్ని అసలు ఫైల్లోనే సరిచూడగలం.