స్టీరింగ్ బాక్సు బిగించే ముందు ఆట ఎక్కడుందో వెతుకు

చిరంజీవి శీనుకి,

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బొలెరో పికప్ తిన్నగా పోవడం లేదనీ, మెకానిక్ స్టీరింగ్ బాక్సు బిగిస్తే సరిపోతుందన్నాడనీ రాశావు. స్టీరింగ్ తిప్పుడును లోపలి పళ్లతో టైర్ల వైపు పంపే ఆ బాక్సు మీద ఇప్పుడే చెయ్యి వేయనివ్వకు. ఆట, అంటే స్టీరింగ్ తిప్పినా టైరు కదలని లూజు, ఏ జాయింటులో ఉందో తేల్చకుండా బాక్సు పైన స్క్రూ తిప్పితే చేతికి లూజు తగ్గినట్టే ఉంటుంది, అరిగిన ఎండు (రాడ్డు కొసనుండే జాయింటు) మాత్రం అలాగే మిగులుతుంది. అతిగా బిగిస్తే నడిమధ్యలో పళ్లు ఒరుసుకుంటాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు.

ముందు టైర్లలో గాలి రెండువైపులా సమానంగా ఉందా, కమాన్ కట్టల యూ బోల్టులు బిగువుగా ఉన్నాయా చూడు. కట్ట ఆక్సిల్ మీద జరుగుతుంటే స్టీరింగ్ ఎంత బాగున్నా బండి పక్కకు లాగుతుంది.

తర్వాత ఆట కొలువు. బండి చదునైన నేల మీద, టైర్లు తిన్నగా, పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్‌లో ఉండాలి. ఇంజన్ ఆపి చూస్తే లేని ఆట ఉన్నట్టు కనిపిస్తుంది. స్టీరింగ్ వీల్ అంచున సుద్దముక్కతో గీత పెట్టి, టైరు కదలడం మొదలయ్యేదాకా ఒక వైపు, మళ్లీ రెండో వైపు తిప్పి, గీత ఎంత దూరం జరిగిందో టేపుతో చూడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వది 30 డిగ్రీల దాకా ఒప్పుకుంటుంది. 40 సెంటీమీటర్ల స్టీరింగ్ వీల్ మీద అది 10 సెంటీమీటర్ల పైమాటే. లోడు బండికి ఆ హద్దును నమ్ముకోవద్దు. 2, 3 సెంటీమీటర్లుంటే సరే, 4 దాటిందంటే వెతకాలి.

అసలు పరీక్ష బండిని జాకీ మీద లేపి చేసేది కాదు. బరువు నేల మీద ఉన్నప్పుడే అరుగుదల బయటపడుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక టైర్లకు రెండువైపులా చెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను గడియారంలో 10 నుంచి 2 దాకా ఆపకుండా అటూ ఇటూ ఆడించాలి. నువ్వు కింద ఉండి ఒక్కో జాయింటు మీద వేళ్లు ఆనించు. చున్నీ, తువ్వాలు లాంటివి ఒంటి మీద ఉండకూడదు, ఫ్యాను బెల్టు దగ్గరికి చెయ్యి పోకూడదు.

పైనుంచి కిందికి వరసగా రా. కాలమ్ (స్టీరింగ్ వీల్ కింది కడ్డీ) కింద యూనివర్సల్ జాయింటులో ఒక కొస తిరిగి రెండోది ఆలస్యంగా తిరుగుతుంటే అక్కడే ఆట. తర్వాత బాక్సును ఛాసిస్‌కు పట్టించిన బోల్టులు. బాక్సు మొత్తం కదులుతుంటే బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి, మెరిసే రాపిడి గుర్తులు ఉంటాయి. ఆ చోట ఛాసిస్‌లో పగులుందేమో కూడా తుడిచి చూడు. ఆపైన బాక్సు నుంచి బయటికొచ్చే పిట్‌మన్ ఆర్మ్, దాన్నుంచి టైరు వైపుకు పోయే డ్రాగ్ లింక్ రాడ్డు రెండు కొసలు, ముందు టైర్లు రెండింటినీ కలిపే టై రాడ్ రెండు ఎండ్లు. ప్రతి చోటా ప్రశ్న ఒకటే: పిన్ను కదిలాక రాడ్డు వెంటనే కదిలిందా, మధ్యలో చిన్న ఎడం తగిలిందా? తగిలితే ఆ ఎండు అయిపోయినట్టే. పెద్ద పట్టుకారుతో నొక్కి చూడొద్దు. కొన్ని ఎండ్ల లోపల స్ప్రింగు ఉంటుంది, అది నొక్కుకుపోయి మంచిదాన్ని కూడా చెడ్డదిగా చూపిస్తుంది. చేత్తో తోస్తే చాలు. రబ్బరు టోపీ చిరిగిన ఎండు ఈరోజు బాగున్నా వానాకాలం దాటదు, బురదనీళ్లు లోపలికి పోయి ఇసుకలా రుద్దుతాయి.

ఇప్పుడు జాకీ. ముందువైపు కమాన్ కట్టలుంటే ఆక్సిల్ కింద, కాయిల్ స్ప్రింగు కింది ఆర్మ్ మీద నిలబడి ఉంటే ఆ ఆర్మ్ కింద, దాని కొసన టైరు వైపుండే బాల్ జాయింటుకు దగ్గరగా పెట్టి లేపు. లేపాక స్టాండు తప్పనిసరి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు. టైరును గడియారంలో 12, 6 దగ్గర పట్టి ఊపు. ఆట ఉంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపు. పోయిందంటే వీల్ బేరింగు, మిగిలిందంటే కింగ్ పిన్ను (టైరు పక్కకు తిరగడానికి ఇరుసుగా ఉండే నిలువు పిన్ను) గానీ బాల్ జాయింటు గానీ. ఈ తేడా తెలియక చాలా షెడ్లలో మంచి కింగ్ పిన్ను విప్పేస్తారు. ఆపైన 3, 9 దగ్గర పట్టి ఊపు, టై రాడ్ ఎండ్లు చెబుతాయి. చివరగా టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తిచూడు, నిలువు ఆట తెలుస్తుంది.

టై రాడ్ ఎండు మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించు. ఒక కొస ఎడమ మర (ఎదురు తిప్పితే బిగిసేది) ఉండొచ్చు, గమనించు. ఎండు పిన్ను దూరే టేపరు (ఒకవైపుకు సన్నమయ్యే) రంధ్రం పొడిగా, శుభ్రంగా ఉండాలి, గ్రీజు రాయొద్దు. నట్టు కంపెనీ చెప్పిన టార్కుకు బిగించాక నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలుపు, వెనక్కి వదులు చేసి కాదు. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. ఆ తర్వాత టో, అంటే ముందు టైర్లు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత, చూపించాల్సిందే. ట్రెడ్ మీద అరచేయి అడ్డంగా రాసినప్పుడు ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా గుచ్చుతుంటే టో తప్పిందని అర్థం.

కింగ్ పిన్ను నిపుల్‌కు గ్రీజు బండి లేపి ఉన్నప్పుడే కొట్టు. నేల మీద ఉంటే బరువు మోసే వైపుకు చేరదు. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టు. ఎండ్లకు మాత్రం టోపీ కాస్త ఉబ్బగానే ఆపు, లేకపోతే అదే చిరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉండీ స్టీరింగ్‌లో ఆట మిగిలితే అప్పుడు బాక్సు సంగతి. టైర్లు తిన్నగా ఉన్నప్పుడే, లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ లాక్ చేసి ఖాళీ రోడ్డు మీద నడిపి చూడు. మలుపు తిరిగి వదిలితే స్టీరింగ్ వెనక్కి రావాలి. రాకపోతే తిప్పినంతా వెనక్కి తిప్పెయ్యి. మిర్చి లోడుకు గుంటూరు యార్డుకి బయల్దేరే ముందే ఇది అవ్వాలి. ఏ ఎండు ఎంత ఆడిందో రాసి పంపు.

మీ బాబాయి